తడపాలంటే ఎండాలి

కర్రిఊబను బాగుచేసింది డ్రైనుల శాఖే. ఈ విషయంలో ముంతలకోడు ఊళ్ళో రెండో మాట లేదు. ఏళ్ళ తరబడి ఆ శాఖవారు ఊబ వైపు కన్నెత్తి చూడలేదు. ఒక శాఖ ఒక ఊరికి అంతకంటే చేయగల మేలు ఉండదు.

కర్రిఊబ అంటే ఊరికి తూర్పున, మురుగు డ్రైనుకూ తారు రోడ్డుకూ మధ్య పడుకున్న పల్లపు నేల. అక్కడి మన్ను మామూలు మన్ను కాదు. వందల ఏళ్ళుగా నీళ్ళ అడుగున తుంగా, జమ్మూ, వాటి వేళ్ళూ కుళ్ళీ కుళ్ళకుండా ఒకదాని మీద ఒకటి పేరుకుని నల్లబడిన పదార్థం. ఊరివాళ్ళు కర్రిమన్ను అంటారు. తడిగా ఉన్నప్పుడు గుప్పెడు తీసి పిండితే టీ డికాక్షన్ లాంటి నీళ్ళు కారతాయి. ఎండితే పిడకలా అంటుకుంటుంది.

తాతల కాలంలో ఒక అధికారి జీపు దిగి, ఆ నీళ్ళనూ తుంగనూ చూసి, ‘వ్యర్థభూమి’ అని పేరు పెట్టి వెళ్ళాడు. వెంటనే డ్రైను తవ్వారు. నీళ్ళు పోయాయి. నాలుగు పంటలు వరి పండింది. ఆ తర్వాత ఎండిన మన్ను కుంగడం మొదలుపెట్టి నడుంలోతు దిగింది. దిగి ఊరుకోక అంటుకుంది. ఆ నిప్పుకు మంట ఉండదు. బీడీ చివర రాజుకున్నట్టు నేల లోపలే రాజుకుంటుంది. ఈ నెల ఇక్కడ పొగ, వచ్చే నెల అక్కడ పొగ. పైన పచ్చగడ్డి, కింద నిప్పులు. మరిడమ్మ గేదె మేస్తూ మేస్తూ ఒకరోజు అలాంటి చోట కాలు వేసింది. మళ్ళీ లేవలేదు.

మరిడమ్మ తుంగ చాపలు అల్లుతుంది. మొగుడు పోయాక ఒక్కతే. ఊబ అంచునే ఇల్లు. మొదటి ఇల్లు కుంగింది. కాస్త వెనక్కి జరిగి రెండోది వేసుకుంటే దాని గోడల్లోంచి పొగ వచ్చింది. మూడోది రోడ్డు వారకు తెచ్చి వేసుకుంది. ఇంక వెనక్కి జరగడానికి చోటు లేదు. జరిగితే లారీల కిందే కాపురం.

అలాంటి ఊబ ఎలా బాగుపడిందంటే, డ్రైనులో గుర్రపుడెక్క పడింది. మెరక రైతులు దాన్ని తీయించమని ప్రతి సోమవారం డ్రైనుల ఆఫీసుకు అర్జీ పట్టుకెళ్ళేవారు. ఆఫీసువారు ప్రతి అర్జీ మీదా ముద్ర వేసి తీసుకునేవారు. ముద్ర పడ్డ పని జరిగిన దాఖలా ఆ ఆఫీసు కట్టినప్పటి నుంచీ లేదు. గుర్రపుడెక్క గోడలా పెరిగింది. నీళ్ళు ఎటూ పోలేక ఊబలోకే ఎదురుతన్నాయి. నిప్పు ఆరింది. తుంగ నిలువెత్తు లేచింది. మట్టగిడస చేపలు వచ్చాయి, వాటి వెనక కొంగలు వచ్చాయి, నీటికోళ్ళు తుంగలో గూళ్ళు పెట్టాయి.

ఊబ అంచున ఉండే ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. పొద్దున్నే ముగ్గు వేసే ముందు వాకిట్లో వెదురుపుల్ల గుచ్చి, పైకి తీసి, దాని కొస బుగ్గకు ఆనించుకుంటారు. చల్లగా ఉంటే ముగ్గు వేస్తారు. వెచ్చగా ఉంటే సామాను సర్దుకుంటారు. ఇప్పుడు మరిడమ్మ బుగ్గకు పుల్ల చల్లగా తగులుతోంది. ఈ ఇంట్లోనే చావొచ్చు అనుకునేంత ధీమా ఆమెకు వచ్చింది.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి ఊబ గుర్తొచ్చింది.

* * *

వచ్చినాయన పేరు విశ్వంభరరావు. ‘శుష్కీకృత ఆర్ద్రభూముల పునరార్ద్రీకరణ మిషన్’కు ప్రాజెక్టు డైరెక్టరు. ఆ పేరు పలకలేక ఊళ్ళో తడి పథకం అన్నారు. కొత్త రబ్బరు బూట్లు వేసుకుని వచ్చాడు. ఊబలో ఒక్క అడుగు వేసేసరికి మోకాలి దాకా దిగాడు. మరిడమ్మ పక్కింటి సూరన్న రెక్కలు పుచ్చుకుని పైకి లాగాడు. మనిషి వచ్చాడు గానీ ఎడమకాలి బూటు రాలేదు.

డైరెక్టరుగారు బూటు గురించి బాధపడలేదు. తడిసిన మేజోడు ఊడదీసి పిండాడు.

“తడిగా ఉందే,” అన్నాడు.

“అవునండి. ఆ ఏటిగట్టు అమ్మవారి దయ,” అన్నాడు ప్రెసిడెంటు బుల్లిరాజు. ఆయన చేతులు కట్టుకునే ఉన్నాడు. ఏ అధికారి వచ్చినా ఆయన చేతులు వాటంతటవే కట్టుకుంటాయి.

“ఎవరి ఉత్తర్వుల మీద తడిసింది?”

ప్రెసిడెంటు చేతులు ఇంకాస్త బిగించి కట్టుకున్నాడు. సూరన్న మాత్రం, “దానంతటదే తడిసిందండి. సదువుకోని నేల,” అన్నాడు.

డైరెక్టరుగారు గట్టు మీద కూర్చుని, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి బురదతో అందరికీ విషయం వివరించాడు. ఎండగట్టిన కర్రినేలలు గాలి తగిలి లోపల్లోపల కుళ్ళి, వందల ఏళ్ళుగా దాచుకున్న బొగ్గుపులుసు వాయువునంతా ఆకాశంలోకి వదిలేస్తాయనీ, దానివల్ల భూమి వేడెక్కిపోతోందనీ, అలాంటి నేలలను మళ్ళీ నీళ్ళతో తడిపితే ఆ వాయువు ఆగిపోతుందనీ, నిప్పు ఆరుతుందనీ, పిట్టలూ చేపలూ తిరిగి వస్తాయనీ చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే ఊరి దురదృష్టం.

“పిట్టలూ సేపలూ ఒచ్చేసినాయండి,” అంది మరిడమ్మ.

“రాకూడదమ్మా,” అన్నాడాయన ఎంతో మెత్తగా. “ఇంకా శంకుస్థాపన కాలేదు.”

చిక్కు ఏమిటంటే, మిషన్ నిబంధనల్లో మొదటిది ఇలా ఉంది: ఎండిన నేలను మాత్రమే తడపవలెను. తడిగా ఉన్న నేలను తడిపితే అది పథకం కిందికి రాదు, దుబారా కిందికి వస్తుంది. ఈ జిల్లాకు లక్ష్యంగా ఇచ్చిన కర్రినేల ఇదొక్కటే. ఇది తడిసి కూర్చుంది. డైరెక్టరుగారు పై ఆఫీసుకు రాశాడు. పై ఆఫీసువారు ఎంతో ఆలోచించి ఒకే ఒక్క దారి ఉందన్నారు.

తడపడానికి వీలుగా ముందు ఎండబెట్టాలి.

* * *

బడి ఆవరణలో గ్రామసభ పెట్టారు. మాట్లాడటం తెలిసినవాళ్ళంతా వెనక నిలబడ్డారు, అందుకని మరిడమ్మే లేచింది.

“బాబుగారూ, ఎండితే నిప్పు లేత్తాది. మా ఇల్లు ఊబ ఒడ్డునే ఉంది. ఇప్పుడు బానే ఉంది గదండి, ఇలాగే వొదిలెయ్యండి.”

“బాగుండటం వేరు, బాగుపడటం వేరు,” అన్నాడు డైరెక్టరు. “మా మిషన్ బాగుపరచడానికి పుట్టింది. బాగుంటే మేమేం చెయ్యాలి చెప్పు? ఇంతకీ నువ్వేం పని చేస్తావమ్మా?”

“సాపలు అల్లుతానండి.”

“తుంగ కోసి ఏం చేస్తావు?”

“ఎండబెడతానండి.”

“తర్వాత?”

“తడిపి అల్లుతానండి. తడపకపోతే ఇరిగిపోద్ది.”

డైరెక్టరుగారి మొహం వెలిగిపోయింది. సభ వైపు తిరిగి, “విన్నారు కదా. ఎండబెట్టి తడపడం తరతరాలుగా ఈ నేల సంప్రదాయం,” అన్నాడు.

“అది కోసిన తుంగనండి,” అంది మరిడమ్మ. “నిలబడున్నదాన్ని ఎవరెండబెడతారండీ.”

చివరి మాట సభలో అందరికీ వినిపించింది, రాసుకుంటున్న గుమాస్తాకు తప్ప. స్థానిక మహిళలు తమ సంప్రదాయ జ్ఞానంతో పథకాన్ని సమర్థించారని ఆయన రాసుకున్నాడు. ప్రెసిడెంటు సంతకం పెట్టాడు. మరిడమ్మ వేలిముద్ర మాత్రం ఎవరూ అడగలేదు. సంప్రదాయ జ్ఞానానికి వేలిముద్ర అక్కర్లేదట.

బయటికి వస్తూ సూరన్న, “మరిడక్కా, నువ్వు నోరెత్తకుండా ఉంటే ఇంకో నెల పట్టేది,” అన్నాడు.

“నీ నోరేం సేత్తందిరా అప్పుడు?”

“నాది సంప్రదాయం కాదుగా.”

* * *

మెరక రైతులు ఇన్నేళ్ళు అడిగినా రాని పొక్లెయిన్, ఎవరూ అడక్కుండానే ఆ వారంలో వచ్చింది. గుర్రపుడెక్కను గుట్టలు గుట్టలుగా తీసి గట్టున పోసింది. డ్రైనులోకి పోని నీళ్ళను తోడటానికి డీజిల్ ఇంజిన్లు పెట్టారు. పగలంతా ఊరు ఊరంతా డీజిల్ కంపు.

“గాలి పాడవకుండా చూసే పథకం అన్నారు, మరి ఈ పొగేంటండి?” అని అడిగాడు సూరన్న.

“అది ఇంధన పద్దులోకి వెళుతుంది,” అన్నాడు ఇంజిన్ల దగ్గరున్న సూపర్‌వైజరు. “మన పద్దులో కనపడదు.”

కనపడని పొగను ఊరంతా పీల్చింది. నీళ్ళు ఇగిరినకొద్దీ చేపలు గుంటల్లోకి చేరాయి. ఊరు నాలుగు రోజులు పులుసు తిని, ఆ తర్వాత కుళ్ళు వాసన పట్టింది. కొంగలు ముందు పోయాయి. నీటికోళ్ళు గూళ్ళు వదల్లేక కొన్నాళ్ళు తిరిగి, అవీ పోయాయి. తుంగ మొదట ఎర్రబడి, తర్వాత తెల్లబడి, ఒరిగిపోయింది. మరిడమ్మ అందినంత కోసి తెచ్చుకుంది. పొట్టకు రాని పైరులాంటి తుంగ. అల్లితే పెళపెళ విరిగింది.

అప్పుడు మిషన్ తరఫున నీలోఫర్ అనే అమ్మాయి వచ్చింది. నేల వదిలే గాలులను కొలవడం ఆమె ఉద్యోగం. అద్దంలా మెరిసే ప్లాస్టిక్ పెట్టెలు తెచ్చి నేల మీద బోర్లించి, వాటికి గొట్టాలు తగిలించింది. తడపక ముందు ఎంత చెడ్డగాలి వస్తోంది, తడిపాక ఎంత వస్తోంది, ఈ రెంటికీ తేడా ఎంతో అదే మిషన్ గొప్పతనం. మొదట ఎంత ఎక్కువ వస్తే తేడా అంత ఎక్కువ. అందుచేత మొదటి రీడింగులు చూసి డైరెక్టరుగారు పెదవి విరిచాడు.

“ఇంత తక్కువైతే మనం తగ్గించడానికి ఏం మిగులుతుంది? ఇంకా ఎండాలి.”

“సార్, ఇప్పుడు తడిపేసినా మంచిదే సార్. ఇంకా ఎండితే అంటుకుంటుంది,” అంది నీలోఫర్.

“అంటుకుంటే రీడింగు ఎంత రావచ్చు?”

ఆ అమ్మాయి ఒక అంకె చెప్పింది. డైరెక్టరుగారు మరో రెండు నెలలు ఎండబెట్టమని ఆదేశించాడు.

* * *

మొదటి పొగ లేచిన రోజున మిషన్ వారు మిఠాయిలు పంచారు. మరిడమ్మ చేతిలో కూడా ఒక లడ్డూ పెట్టారు. ఆమె అది పట్టుకునే, వాకిట్లో వెదురుపుల్ల గుచ్చి, తీసి బుగ్గకు ఆనించుకుంది. వెచ్చగా ఉంది.

లడ్డూ గట్టున పెట్టి, రెండు బిందెలు తెచ్చి, పొగ వస్తున్న చోట గుమ్మరించింది. సుయ్యిమని ఆవిరి లేచింది. మర్నాడు నోటీసు వచ్చింది. ‘సమర్థ అధికారి అనుమతి లేకుండా సదరు మరిడమ్మ అను వారు పథకపు భూమిలో అనధికార పునరార్ద్రీకరణకు పాల్పడినందున’ ఆమె మీద చర్య ఎందుకు తీసుకోరాదో చెప్పాలట.

ప్రెసిడెంటు చదివి వినిపించాడు.

“అంటే ఏటండి?” అని అడిగింది మరిడమ్మ.

“నీళ్ళు పోశావని.”

“నిప్పు మీద గదండి పోసింది.”

“అందుకే. నీళ్ళు పొయ్యటం ప్రభుత్వ పథకం. నువ్వే పోసేస్తే ఇంక ప్రభుత్వం ఎందుకు?” అన్నాడు ప్రెసిడెంటు, వెటకారంగా కాదు, మనస్ఫూర్తిగానే.

ఆ రోజు నుంచి ఊబ పక్కన తడి నేరమైంది. ఈల పట్టుకున్న కాపలావాళ్ళను పెట్టారు. అంచు ఇళ్ళవాళ్ళు గిన్నెలు కడిగిన నీళ్ళు రోడ్డు అవతలికి మోసుకెళ్ళి పోయాలి. గేదెలను తోలుకెళితే అవి దారిలో ఎక్కడ నిలబడతాయో చూసుకోవాలి. సూరన్న పొద్దున్నే చెంబు పట్టుకుని అటు నడిస్తే ఈల మోగింది. ఆయన వెనక్కి తిరిగి, “దీనికి కూడా మంత్రిగారే రావాలా?” అని అడిగాడు. కాపలావాడు తన దగ్గర ఆదేశాలు లేవన్నాడు.

అంతలో అకాలంగా ఒక వాన పడింది. మిషన్ గుండెలు జారిపోయాయి. పట్నం నుంచి లారీల్లో టార్పాలిన్లు వచ్చాయి. ఊరి మొత్తాన్ని కూలికి పిలిచి ఊబ మీద పరదాలు కప్పించారు. చిన్నపిల్లల పక్కల మీద కూడా అంత జాగ్రత్తగా దుప్పటి కప్పి ఎరుగరు ఆ ఊళ్ళో. వానను సంజాయిషీ అడగడానికి వీల్లేదు కనక వాతావరణ కేంద్రాన్ని అడిగారు. ముందస్తు సమాచారం లేకుండా పథకపు భూమి మీద వర్షం ఎలా కురిసిందని. ఒక పరదా కింద కప్ప బెకబెకమంది. డైరెక్టరుగారు దాన్ని పట్టుకుని రోడ్డు అవతల వదిలేవరకూ భోజనానికి లేవలేదు. కప్ప ఉందంటే తడి ఉన్నట్టు లెక్క.

* * *

పొగ రోజురోజుకూ రోడ్డు వైపు జరిగింది. మరిడమ్మ వంటింట్లో నేల వెచ్చబడింది. పీట వేసుకోకుండా కూర్చోలేకపోయింది. వెదురుపుల్ల తీసుకుని నేరుగా డైరెక్టరుగారి జీపు దగ్గరికి వెళ్ళింది.

“బాబుగారూ, ఈ పుల్ల ఒక్కసారి మీ బుగ్గకి ఆనించుకోండి.”

ఆయన మంచివాడే. ఆనించుకున్నాడు. ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నాడు.

“ఎక్కడిదమ్మా ఇది?”

“మా వొంటింట్లోదండి. ఒక్క నాలుగు బిందెలు పోసుకోనివ్వండి. ఇంటి సుట్టూ తడుపుకుంటాను, అంతే. ఇంక నాకు జరిగే సోటు లేదండి.”

డైరెక్టరుగారు నీలోఫర్‌ను పిలిచి వంటింట్లో ఒక పెట్టె పెట్టించాడు. సాయంత్రం వచ్చిన అంకెను ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు.

“అమ్మా, నీ ఇల్లు ఈ పథకానికి గర్వకారణం,” అన్నాడు తర్వాత. “రాష్ట్రంలో ఇంత రీడింగు ఎక్కడా రాలేదు. ఒక్క చుక్క కూడా పోయకు. పొయ్యి మార్చకు. పెట్టె కదపకు.”

“నేను ఎక్కడుండనండి?”

“ఇంట్లోనే ఉండు. ఎవరు వద్దన్నారు?”

ఆయన జీపు వెళ్ళిపోయాక నీలోఫర్ మళ్ళీ వచ్చింది. పెట్టె గొట్టం సరిచేస్తున్నట్టు వంగి, నెమ్మదిగా, “పిన్నీ, సామాను ఇవాళే బయట పెట్టుకో. కింద అంతా డొల్ల అయిపోయింది,” అంది.

“నువ్వు సెప్పొచ్చు గదమ్మా ఆయనకి.”

“చెప్పాను పిన్నీ. రాసి కూడా ఇచ్చాను. నన్ను సానుకూల దృక్పథం శిక్షణకి పంపుతున్నారు.”

మరిడమ్మ మగ్గం పలక, తుంగ కట్టలు, నాలుగు గిన్నెలు, మొగుడి ఫొటో రోడ్డు మీదికి చేర్చింది. మర్నాడు మధ్యాహ్నం ఊరు చూస్తుండగా వంటింటి మూల ముందు ఒరిగింది. తర్వాత పైకప్పు వెన్నుపట్టె విరిగింది. ఇల్లు ఎవరో కిందనుంచి లాగినట్టు మెల్లగా నేలలోకి దిగింది. పొగ లేచింది. మిషన్ మనుషులు పరుగెత్తుకొచ్చి ప్లాస్టిక్ పెట్టెను కాపాడారు.

మరిడమ్మ ఏడవలేదు. రోడ్డు వార పాత టార్పాలిన్ ఒకటి కట్టుకుంది. అది మిషన్ వాళ్ళదే, కప్ప మీద కప్పినది. రెండో రోజున రోడ్ల శాఖవారు వచ్చి, ఆక్రమణ అని ఆమెకు ఇంకో నోటీసు ఇచ్చి వెళ్ళారు.

* * *

తడిపే పండగ ఎంతో ఘనంగా జరిగింది. మంత్రిగారు వచ్చి వెండి బిందెతో మొదటి నీళ్ళు పోశారు. డ్రైనుకు అడ్డంగా కట్టిన కొత్త తలుపు దించారు. నీళ్ళు ఎదురెక్కాయి. ఊబ అంతటా ఆవిరి లేచి, నిప్పు ఒక్కొక్క చోటే ఆరుతూ వచ్చింది. ఆరుతున్న నిప్పును చూసి అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతకుముందు అది ఆరినప్పుడు ఎవరూ కొట్టలేదు.

అంతా సుఖాంతమే అనుకుంటుండగా, నీళ్ళలో బుడగలు లేచాయి. వేదిక మీద రెండో వరుసలో కూర్చున్న ఒక బక్కపలచటి ఆఫీసరు లేచి నిలబడ్డాడు. ఆయన మీథేన్ నివారణ విభాగం సంయుక్త సంచాలకుడు.

“ఆ బుడగలేమిటి?”

“కొత్తగా తడిపిన కర్రినేల మొదట్లో కొన్నాళ్ళు మీథేన్ వదులుతుంది సార్,” అంది నీలోఫర్. శిక్షణ నుంచి ఆ పొద్దునే వచ్చింది. “అది కొన్నేళ్ళలో గాలిలో కరిగిపోతుంది. ఎండబెడితే వచ్చే బొగ్గుపులుసు వాయువు మాత్రం తరతరాలు పోదు. మొత్తం మీద తడిగా ఉండటమే మేలు. నీటిని నేల మట్టానికి జానెడు దిగువన నిలకడగా ఉంచితే మీథేన్ కూడా తగ్గుతుంది.”

“తరతరాలు మా పరిధిలో లేవు,” అన్నాడు ఆయన. “మాది వార్షిక లక్ష్యం. ఈ నేల మా లెక్కలో నేరస్థురాలు. ఎండబెట్టాలి.”

“తడపాలి,” అన్నాడు విశ్వంభరరావు.

ఇద్దరూ సమాన హోదా గలవారు. అందుచేత తగవు సచివాలయం దాకా వెళ్ళింది. అక్కడ పెద్దలు ఉభయ పక్షాలకూ సమన్యాయం చేశారు. సంవత్సరంలో సగం తడి, సగం ఎండ. ఎండిన సగంలో మీథేన్ విభాగం తన లక్ష్యం సాధిస్తుంది. అలా ఎండింది కనక మళ్ళీ తడి పథకానికి అర్హత వస్తుంది. ప్రతి ఏడూ పొక్లెయిన్, ప్రతి ఏడూ మంత్రిగారు. దీనికి ‘చక్రీయ ఆర్ద్ర నమూనా’ అని పేరు పెట్టారు. డ్రైను తలుపు ఎత్తి, అడ్డం తీసి, ఏటా ఎండగట్టే బాధ్యత డ్రైనుల శాఖకు అప్పగించారు. నిలకడగా అన్న మాట ఎవరికీ నచ్చలేదు. నిలకడగా ఉన్నదానికి ఆఫీసు దేనికి?

ఈ సంగతి ప్రెసిడెంటు నోట విన్నాక మరిడమ్మ మొదటిసారి నిస్సత్తువగా కూలబడింది. నిప్పు ఆరింది కదా అని ఊబ ఒడ్డున మళ్ళీ నాలుగు గుంజలు పాతుకుంది ఆమె. ఇల్లు కుంగిన గుంటకు కాస్త పక్కన, చల్లగా తగిలిన చోట.

“ఏడాదికోసారి ఇల్లు కూలిపోవాలా మరిడక్కా,” అన్నాడు సూరన్న, పక్కన చతికిలబడి. “పోనీ, ఎండబెట్టొద్దని అర్జీ ఎట్టేద్దామా?”

“మన ఊళ్ళో అర్జీ ఎట్టిన పని ఏదైనా అయిందిట్రా?”

“ఏదీ అవలేదు. అడక్కుండానే కదా అన్నీ కొంపమీదికొచ్చాయి.”

మరిడమ్మ అతని వైపు చాలాసేపు చూసింది. సూరన్న తన మొహం మీద ఏదైనా అంటిందేమో అనుకుని తుడుచుకున్నాడు.

* * *

సోమవారం పొద్దున్నే ఆమె డ్రైనుల ఆఫీసు ముందు కూర్చుంది. అర్జీ సూరన్న రాశాడు. ‘అయ్యా, మా ఊరి డ్రైను తలుపు వెంటనే ఎత్తించి, గుర్రపుడెక్క తీయించి, కర్రిఊబను త్వరగా ఎండగట్టించవలసిందిగా ప్రార్థన.’

గుమాస్తా చదివి తలెత్తాడు.

“ఈ పని ఎలాగూ మేం చెయ్యాలమ్మా. ఉత్తర్వులొచ్చాయి.”

“అయినా అర్జీ తీసుకోండి బాబూ.”

“తీసుకుంటే ఇది ప్రజల విన్నపం కింద వస్తుంది. అప్పుడు వరసలో పెట్టాలి. నీ ముందు మెరక రైతుల పాత అర్జీలున్నాయి. వాటికి జవాబు ఇవ్వందే నీది కదలదు.”

“పరవాలేదండి. నేను ఆగుతాను.”

ముద్ర పడింది. ఆమె ఆ శబ్దం కళ్ళు మూసుకుని వింది. మరుసటి సోమవారం మళ్ళీ వెళ్ళింది. ఈసారి అంచు ఇళ్ళ ఆడవాళ్ళందరినీ తీసుకెళ్ళింది. ఇంకో సోమవారం ప్రెసిడెంటే వచ్చి, చేతులు కట్టుకుని, డ్రైను బాగుచేయమని బతిమాలాడు. ఎండగట్టే నెల వచ్చింది, వెళ్ళింది. పొక్లెయిన్ రాలేదు. డ్రైనులో తలుపు వెనక గుర్రపుడెక్క ముదురుతోంది. మిషన్ వారు ఉత్తరాలు రాస్తున్నారట, డ్రైనుల శాఖవారు ‘ప్రజల నుంచి తీవ్రమైన ఒత్తిడి ఉంది, పరిశీలిస్తున్నాం’ అని జవాబిస్తున్నారట.

ఒక్కసారి మాత్రం ఆమె గుండె ఆగినంత పనైంది. ఆఫీసుకు కొత్త ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడు. అర్జీని చదివాడు. చదవడమే కాదు, లేచి నిలబడ్డాడు.

“ఇన్నిసార్లు తిరిగావా అమ్మా? సిగ్గుచేటు. వచ్చే వారమే పొక్లెయిన్ పంపిస్తాను.”

ఇంతకాలానికి ఒక మంచివాడు దొరికాడు, కొంప మునిగింది అనుకుంది మరిడమ్మ. అప్పుడు గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

“సార్, దీనికి ముందు తడి మిషన్ వారి అభిప్రాయం కావాలి. మీథేన్ విభాగం అభ్యంతరం లేదనాలి. వాళ్ళిద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టరు సార్.”

కుర్ర ఇంజనీరు నెమ్మదిగా కూర్చున్నాడు. నుదురు తుడుచుకున్నాడు.

“తప్పకుండా చేద్దాం అమ్మా,” అన్నాడు.

ఆ మాట మరిడమ్మకు తెలుసు. ఈ ఆఫీసులో ఆ మాట పడ్డ పని ఇంక ఈ జన్మకు జరగదు. ఆమె ఆయనకు రెండు చేతులా నిండు మనసుతో దణ్ణం పెట్టింది.

ఇల్లు చేరి వాకిట్లో పుల్ల గుచ్చి బుగ్గకు ఆనించుకుంది. కొత్తగా లేస్తున్న తుంగ మోకాలెత్తు ఉంది. దాని మొదళ్ళలో ఒక నీటికోడి తిరుగుతోంది, ఇంకా గూడు పెట్టాలో వద్దో తేల్చుకోనట్టు. ఆమె పాత తుంగ కట్ట విప్పి, నీళ్ళు చల్లి, చాప మొదలుపెట్టింది.

తర్వాతి సోమవారం గుమాస్తా ఆమెను చూసి నవ్వాడు. “మళ్ళీ వచ్చావా అమ్మా? నీ అర్జీ కదిలేలా లేదు.”

“తెలుసు బాబూ,” అంది మరిడమ్మ, కాగితం ఆయన ముందుకు జరుపుతూ. “ముద్ర కాస్త గట్టిగా ఎయ్యండి.”